తాతయ్య కంట్లో నూనె ఎందుకు గట్టిపడదు?

పోయిన వేసవి సెలవుల్లో మా తాతయ్యకి కుడి కంటి ఆపరేషన్ అయింది. షుగర్ వల్ల కంటి వెనక ఉండే రెటీనా పొర ఊడిపోయింది. విజయవాడలో ఆపరేషన్ చేసి, ఆ పొర మళ్ళీ గోడకి అతుక్కునేదాకా కదలకుండా ఉండాలని కంట్లో సిలికోన్ నూనె నింపారు. ఈ నూనె నీళ్ళకంటే కొంచెం తేలిక. అందుకే బోర్లా పడుకుంటే పైకి తేలి, అంటే కంటి వెనక భాగానికి చేరి, పొరని అదిమి పట్టుకుంటుంది. చల్లపల్లి ఇంటికి తీసుకొచ్చాక డాక్టరు చెప్పినన్ని రోజులూ తాతయ్య బోర్లా పడుకునే ఉన్నాడు.

సరిగ్గా అదే వారం హాల్లో కొత్త అల్యూమినియం కిటికీ బిగించారు. కుర్రాడొకడు గన్‌లో ట్యూబు పెట్టి అద్దం చుట్టూ తెల్లటి జిగురు పూస్తుంటే ఇల్లంతా వెనిగర్ వాసన.

"ఏంటమ్మా ఆ వాసన?" అన్నాడు తాతయ్య, మొహం దిండులోంచి తియ్యకుండానే.

"సిలికాన్ పూస్తున్నారు తాతయ్యా."

"నా కంట్లో పోసిందీ అదేనన్నారుగా?"

"అదే."

"మరి ఇది పొద్దుటికల్లా రబ్బరులా బిగుసుకుపోద్దంటున్నాడు ఆ అబ్బాయి. నా కంట్లోది బిగుసుకోదా?"

నేను చదివేది కంప్యూటర్ సైన్స్. ఫస్టియర్ కెమిస్ట్రీలో పాలిమర్స్ యూనిట్‌కి మంచి మార్కులే వచ్చాయి. జవాబు మాత్రం తెలీలేదు. "బిగుసుకోదులే" అన్నాను. "ఎందుకని?" అన్నాడు. ఆ "ఎందుకని" కోసం సెలవులంతా చదివాను. చదివింది ఇక్కడ పెడుతున్నాను. కెమిస్ట్రీ అంటే పారిపోయే నా బ్రాంచి వాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాయాలని ప్రయత్నం.

ముందు పేరు గొడవ

సిలికాన్ వేరు, సిలికోన్ వేరు. సిలికాన్ మూలకం. మన కంప్యూటర్ చిప్‌లో ఉండేది, ఇసుకలో ఆక్సిజన్‌తో కలిసి ఉండేది అదే. సిలికోన్ అనేది ఆ సిలికాన్‌తో మనిషి తయారు చేసిన పాలిమర్. హార్డ్‌వేర్ షాపులో రెండింటికీ ఒకటే పేరు కాబట్టి ట్యూబుని "సిలికాన్" అంటారు. ఈ వ్యాసంలో మూలకాన్ని సిలికాన్ అని, పాలిమర్‌ని సిలికోన్ అని రాస్తాను.

సిలికోన్ అనే పేరు కాస్త దారి తప్పించేది. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ కిప్పింగ్ 1900ల తొలి ఏళ్ళలో ఈ పదార్థాలు చేసినప్పుడు, ఫార్ములా కీటోన్‌ని పోలి ఉందని ఆ పేరు పెట్టాడు. ఆ పేరు వింటే కీటోన్‌లలో లాగా సిలికాన్‌కీ ఆక్సిజన్‌కీ మధ్య డబుల్ బాండ్ ఉంటుందనిపిస్తుంది. నిజానికి అలాంటిదేం లేదు. సిలికాన్, ఆక్సిజన్, సిలికాన్, ఆక్సిజన్... ఇలా సింగిల్ బాండ్లతో సాగే పొడవాటి గొలుసు అది. ప్రతి సిలికాన్‌కీ రెండు పక్కలా రెండు మిథైల్ గుంపులు వేలాడుతుంటాయి. దీని పూర్తి పేరు పాలీ డై మిథైల్ సిలోక్సేన్, పొట్టిగా పీడీఎంఎస్. కిప్పింగ్ దశాబ్దాలపాటు పనిచేసి, 1937లో అచ్చయిన ఒక ఉపన్యాసంలో ఈ రంగంలో ఇప్పట్లో పెద్ద పురోగతి వస్తుందన్న ఆశ లేదన్నట్టు మాట్లాడాడు. మూడేళ్ళ తర్వాత, 1940లో, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో యూజిన్ రోషో దారి కనిపెట్టాడు. సిలికాన్ పొడిలో రాగి కలిపి, దాదాపు 300 డిగ్రీల వేడి మీద మిథైల్ క్లోరైడ్ వాయువు పంపితే, సిలికోన్‌కి కావాల్సిన ముడిసరుకు నేరుగా వస్తుంది. ఇప్పటికీ ఫ్యాక్టరీల్లో జరిగేది ఆ పద్ధతే.

గొలుసు ఒకటే, కొసలే వేరు

తాతయ్య ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. కంట్లో నూనె, కిటికీ జిగురు, రెండింటిలోనూ ఉన్న గొలుసు అదే పీడీఎంఎస్. తేడా గొలుసు మధ్యలో లేదు. రెండు కొసల్లో ఉంది.

గొలుసు నడుము చాలా మొండిది. సిలికాన్–ఆక్సిజన్ బాండ్ మామూలు కార్బన్–కార్బన్ బాండ్‌కంటే బలమైనది, వేడికి తొందరగా తెగదు. అలాగని బిర్రుగానూ ఉండదు. ఈ గొలుసు ఎంత వదులుగా మెలికలు తిరుగుతుందంటే, గాజులా పెళుసెక్కాలంటే మైనస్ 120 డిగ్రీల కిందకి చల్లబరచాలి. మామూలు పరిస్థితుల్లో ఈ నడుముతో ఎవరూ రియాక్ట్ అవ్వరు. ఏం జరిగినా కొసలోనే జరగాలి.

మన భాషలో చెప్పాలంటే ఇది లింక్డ్ లిస్ట్ లాంటిది. చివరి నోడ్‌లో నల్ ఉంటే లిస్ట్ అక్కడితో ఆగిపోయింది. అక్కడ ఇంకో అడ్రస్ పెట్టే వీలుంటే ఇంకో లిస్ట్‌ని తగిలించవచ్చు. అలా తగిలించడానికి వీలున్న కొసని కెమిస్టులు రియాక్టివ్ ఎండ్ గ్రూప్ అంటారు. నేను చురుకైన కొస అంటాను. రెండోదాన్ని మూసిన కొస అంటాను.

చురుకైన కొసలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి వస్తువే మారిపోతుంది.

సున్నా ఉంటే, గొలుసులు ఒకదాని మీద ఒకటి జారుతూనే ఉంటాయి. ఎన్నేళ్ళయినా నూనె నూనెగానే ఉంటుంది. కంట్లో నింపేది ఇదే.

ఒకటి ఉంటే, గొలుసు ఒక కొసతో ఇంకో పాలిమర్‌కి అతుక్కుని, రెండో కొస గాల్లో వేలాడుతూ కొమ్మలా ఉంటుంది. హాస్టల్లో మనవాళ్ళు పెట్టుకునే కాంటాక్ట్ లెన్సుల్లో కొన్ని సిలికోన్ హైడ్రోజెల్‌తో చేసినవి. ఈ రకం 1999 నుంచి మార్కెట్లో ఉంది. సిలికోన్ గుండా ఆక్సిజన్ సులువుగా కంటికి చేరుతుంది. వాటిలో కొన్నింటిలో ఇలాంటి ఒంటికొస గొలుసులు వాడతారు. రెండు కొసలూ అతుక్కుంటే అవి వంతెనల్లా మారి లెన్సుని బిరుసెక్కిస్తాయి. ఒకే కొస అతుక్కుంటే మెత్తగా ఉంటుంది.

రెండు ఉంటే, మూడు నాలుగు చేతులున్న ఇంకో చిన్న అణువు సాయంతో గొలుసులన్నీ వలలా అల్లుకుంటాయి. అదే రబ్బరు. కిటికీ జిగురు ఇదే.

ఈ సూత్రం సిలికోన్‌లకే పరిమితం కాదు. మన రాష్ట్రంలోనే దీనికి భారీ ఉదాహరణ ఉంది. పీఎస్ఎల్‌వీ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. శ్రీహరికోటలో పోతపోసే ఆ ఇంధనంలో పొడులన్నింటినీ పట్టి ఉంచే బంక పేరు హెచ్‌టీపీబీ. విప్పి చెబితే, కొసల్లో హైడ్రాక్సిల్ గుంపులున్న పాలీబ్యూటడైన్. పోసేటప్పుడు చిక్కటి ద్రవం. తర్వాత ఐసోసయనేట్‌తో ఆ కొసలు రియాక్టయ్యి రబ్బరవుతుంది. ఆ పేరులోనే కొసలేమిటో చెప్పేశారు చూడండి. గొలుసుకంటే కొస ముఖ్యం అన్నమాట.

ఇక అసలు పాఠం. ఈ కొసల్ని గొలుసుకి ఎలా తగిలిస్తారు? నేను చదివినంతలో ముఖ్యమైన దారులు నాలుగు.

మొదటి దారి: నీళ్ళతో

రోషో పద్ధతిలో వచ్చే ముడిసరుకు డై మిథైల్ డై క్లోరో సిలేన్. ఒక సిలికాన్, రెండు మిథైల్‌లు, రెండు క్లోరిన్‌లు. దీన్ని నీళ్ళలో కలిపితే క్లోరిన్‌లు హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా వెళ్ళిపోయి, ఆ చోట హైడ్రాక్సిల్ గుంపులొస్తాయి. అలాంటి రెండు అణువులు దగ్గరికొస్తే మధ్యలో ఒక నీటి అణువు బయటికి పోయి, సిలికాన్–ఆక్సిజన్–సిలికాన్ బంధం పడుతుంది. అలా గొలుసు పెరుగుతుంది. చివరికి మిగిలేవి రెండు రకాలు. కొసల్లో హైడ్రాక్సిల్ ఉన్న చిన్న గొలుసులు కొన్ని, తోక తనే పట్టుకుని గుండ్రమైపోయిన వలయాలు కొన్ని.

హైడ్రాక్సిల్ కొస అప్పటికే చురుకైనదే. కావాల్సిన పొడవొచ్చేదాకా వీటిని కలిపితే కిటికీ జిగురుకి మూల పదార్థం సిద్ధం.

ట్యూబులో జరిగే కథ ఇది. ఫ్యాక్టరీలోనే ఈ గొలుసులకి మిథైల్ ట్రై ఎసిటాక్సీ సిలేన్ అనే అణువుని కలుపుతారు. దానికి మూడు చేతులు. ఒక చేత్తో గొలుసు కొసని పట్టుకుంటుంది, రెండు చేతులు ఖాళీగా ఉంటాయి. ట్యూబులో తడి లేనంతవరకు అంతే. బయటికి రాగానే గాలిలో ఉన్న తేమ ఆ ఖాళీ చేతుల మీద పనిచేస్తుంది, పక్క గొలుసులు కలుసుకుంటాయి, ఎసిటిక్ ఆమ్లం బయటికి పోతుంది. ఆ రోజు మా ఇంట్లో వచ్చిన వెనిగర్ వాసన అదే. వెనిగర్‌లో ఉండేదీ ఎసిటిక్ ఆమ్లమే కదా.

తేమ బయటి నుంచి లోపలికి పోవాలి కాబట్టి పైపొర ముందు గట్టిపడుతుంది, లోపల తర్వాత. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల లెక్కన. చేపల తొట్టి అతికించినవాళ్ళు పైన ఆరిందని తొందరపడి నీళ్ళు పోస్తే కారేది ఇందుకే. వాసన పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఇంకో సంగతి. ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. ప్రాజెక్టు సర్క్యూట్ బోర్డుకి ఈ వెనిగర్ వాసన ట్యూబు పూయకండి, ఆమ్లం రాని న్యూట్రల్ రకం అడగండి.

ఈ దారిలో లోపం ఏమిటంటే, కొసలో హైడ్రాక్సిల్ తప్ప ఇంకోటి పెట్టలేం. పొడవు మీద పట్టు కూడా తక్కువ.

రెండో దారి: కలగలిపి తూకం పట్టడం

పైన వలయాలన్నాను కదా. వాటిలో నాలుగు సిలికాన్‌లున్న వలయాన్ని డీ-4 అంటారు. ఫ్యాక్టరీలకి ఇది ఇష్టమైన సరుకు. ద్రవం, మరిగించి శుద్ధి చేసుకోవచ్చు.

స్కూలు గ్రౌండులో నలుగురేసి పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారనుకోండి. అదే డీ-4. ఇప్పుడు ఒక కేటలిస్ట్ వచ్చి, ఎవరి చేతులైనా విడిపించి ఇంకెవరితోనైనా కలిపేస్తూ తిరుగుతుంది. వలయాలు విడి వరుసలవుతాయి, వరుసలు పెద్దవవుతాయి, తెగుతాయి, మళ్ళీ కలుస్తాయి. ఇప్పుడు ఆ గుంపులోకి కొన్ని ప్రత్యేకమైన జంటల్ని పంపాం. ఈ జంటలో ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉంటారు, రెండో చేతిలో మాత్రం జెండా ఉంటుంది. జెండా వదలరు. జంట విడిపోయి మధ్యలో ఎంతమంది చేరినా, జెండా పట్టుకున్నవాళ్ళు ఎప్పుడూ చివరే ఉంటారు. ఈ జంట పేరు ఎండ్ బ్లాకర్. జెండా ఏదైతే కొస అది.

జెండా స్థానంలో మిథైల్ ఉన్న జంట, అంటే హెక్సా మిథైల్ డై సిలోక్సేన్ వేస్తే, రెండు కొసలూ మూసుకుపోయిన నూనె వస్తుంది. జెండా స్థానంలో హైడ్రోజన్ ఉన్న టెట్రా మిథైల్ డై సిలోక్సేన్ వేస్తే, రెండు కొసల్లోనూ సిలికాన్–హైడ్రోజన్ ఉన్న చురుకైన గొలుసు వస్తుంది. అమినో ప్రొపైల్ ఉన్న జంట వేస్తే అమీన్ కొసలొస్తాయి. పాత్ర ఒకటే, పద్ధతి ఒకటే. అందులో పడే చిటికెడు సరుకుని బట్టి కంటి నూనె అవుతుందా, రబ్బరు ముడిసరుకు అవుతుందా అన్నది తేలుతుంది.

పొడవు కూడా ఆ చిటికెడే నిర్ణయిస్తుంది. లెక్క చూద్దాం. గొలుసులో ఒక్కో యూనిట్ బరువు 74. అణుభారం 10,000 ఉన్న గొలుసు కావాలి. హైడ్రోజన్ ఎండ్ బ్లాకర్ బరువు 134. ఒక్కో గొలుసుకి ఒక్కో జంట కాబట్టి 134 గ్రాముల ఎండ్ బ్లాకర్‌కి 9,866 గ్రాముల డీ-4. అంటే 100 గ్రాముల మిశ్రమంలో ఎండ్ బ్లాకర్ 1.3 గ్రాములు. దాన్ని రెండింతలు చేస్తే గొలుసు సగమవుతుంది.

కేటలిస్ట్ ఏది వాడాలన్నది కొసని బట్టి ఉంటుంది. పరీక్షలో అడిగితే ఇదే అసలు పాయింటు. సిలికాన్–హైడ్రోజన్ కొసలు కావాలంటే ఆమ్లం వాడాలి. క్షారం తగిలితే ఆ కొస హైడ్రోజన్ వాయువుని వదిలేసి పాడైపోతుంది. అమీన్ కొసలు కావాలంటే క్షారం వాడాలి. ఆమ్లం వేస్తే అమీన్ దాన్ని తనే పట్టేసుకుని కేటలిస్ట్‌ని పనికిరాకుండా చేస్తుంది. క్షారాల్లో తెలివైనది టెట్రా మిథైల్ అమోనియం రకం. పని పూర్తయ్యాక ఇంకాస్త వేడి పెంచితే అదే విరిగిపోయి ఆవిరై వెళ్ళిపోతుంది. కేటలిస్ట్‌ని తీసెయ్యడం చాలా ముఖ్యం. లోపల మిగిలితే, తర్వాత ఎప్పుడు వేడి తగిలినా గొలుసుల్ని మళ్ళీ వలయాలుగా కోసేస్తుంది.

ఈ దారికి రెండు లోపాలున్నాయి. ఒకటి, ఆట ఎంతసేపు సాగినా గొలుసులూ వలయాలూ ఒక తూకానికొచ్చి ఆగుతాయి. ఆ తూకంలో దాదాపు 10 నుంచి 15 శాతం వలయాలుగానే మిగిలిపోతుంది. దాన్ని వేడి చేసి వాక్యూమ్ పెట్టి లాగెయ్యాలి. గొలుసు కూడా లెక్క వేసినదానికంటే ఆ మేరకు పొట్టిదవుతుంది. రెండు, గొలుసులన్నీ ఒకే పొడవుండవు, చేతులు ఎక్కడపడితే అక్కడ విడిపోతాయి కాబట్టి. ఒంటికొస గొలుసు కూడా ఈ దారిలో శుభ్రంగా రాదు. మూసిన జెండాలు, చురుకైన జెండాలు చెరిసగం వేస్తే సున్నా, ఒకటి, రెండు కొసలున్నవి మూడూ కలగాపులగంగా వస్తాయి.

మూడో దారి: ఒక పక్క నుంచి మాత్రమే పెంచడం

ఒంటికొస కావాలంటే వలయాన్ని మార్చాలి. మూడు సిలికాన్‌లున్న వలయం డీ-3. ఇది మామూలుగా ఘనపదార్థం, 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మూడింటితో చేసిన వలయం బాగా బిగిసి, వంచిన వెదురుబద్దలా ఉంటుంది. అవకాశం దొరికితే విప్పుకోవాలని చూస్తుంది. డీ-4కి ఆ బిగువు దాదాపు లేదు.

బ్యూటైల్ లిథియం అనే అణువు డీ-3ని తాకితే, బ్యూటైల్ ఒక కొసకి అతుక్కుని, వలయం తెరుచుకుని, రెండో కొసలో ఆక్సిజన్–లిథియం మిగులుతుంది. బ్యూటైల్ ఉన్న పక్క శాశ్వతంగా మూసినట్టే. ఇక్కడో చమత్కారం ఉంది. సైక్లోహెక్సేన్ లాంటి ద్రావణిలో ఈ మొదటి అడుగు జరిగి అక్కడే ఆగుతుంది. అందరూ గీత మీదకొచ్చి నిలబడ్డాక, టెట్రా హైడ్రో ఫ్యూరాన్ కలిపితే అది విజిల్ వేసినట్టు. గొలుసులన్నీ ఒకేసారి బయల్దేరి ఒకే వేగంతో పెరుగుతాయి. అందుకే పొడవులు దాదాపు సమానంగా వస్తాయి. ఒక్కో బ్యూటైల్ లిథియం ఒక్కో గొలుసు కాబట్టి, 10,000 భారం కావాలంటే ఒక మోల్ బ్యూటైల్ లిథియంకి సుమారు 10 కిలోల డీ-3.

చివర్లో కావాల్సిన గుంపున్న క్లోరో సిలేన్ వేస్తే లిథియం, క్లోరిన్ ఉప్పుగా వెళ్ళిపోతాయి, ఆ గుంపు కొసకి అతుక్కుంటుంది. మెథాక్రిలేట్ ఉన్నది వేస్తే కాంటాక్ట్ లెన్స్ రకం. హైడ్రోజన్ ఉన్నది వేస్తే సిలికాన్–హైడ్రోజన్ ఒంటికొస.

ఈ దారికి ఓపిక, శుభ్రత రెండూ కావాలి. డీ-3 మొత్తం అయిపోయేదాకా ఆగకూడదు. తినడానికి వలయాలు దొరక్కపోతే ఆ చురుకైన కొస తన గొలుసునే, పక్క గొలుసునే కొరకడం మొదలుపెడుతుంది. కొంచెం సరుకు మిగిలుండగానే ఆపెయ్యాలి. ఇంకా పెద్ద శత్రువు తేమ. ఒక్కో నీటి అణువు ఒక్కో బ్యూటైల్ లిథియంని చంపుతుంది. అంతటితో పోదు. నీటి నుంచి మొదలైన గొలుసుకి రెండు పక్కలా చురుకైన కొసలే ఉంటాయి. ఒంటికొస గొలుసుల మధ్య అలాంటివి కొన్ని చేరినా లెన్సులో వంతెనలు పడతాయి. మన డెల్టా గాలిలో ఆగస్టు నెలలో అద్దాల గ్లాసుకి ఎంత చెమట పడుతుందో చూశారుగా. అందుకే పొడి నైట్రోజన్ లేదా ఆర్గాన్ వాయువు నింపిన పాత్రల్లోనే చేస్తారు. బ్యూటైల్ లిథియం గాలి తగిలితే అంటుకునే రకం కూడా. ఇది ఇంట్లో ప్రయత్నించే పని అస్సలు కాదు.

నాలుగో దారి: ఉన్న కొసని మార్చుకోవడం

ప్రతి కొసకీ మొదటి నుంచీ మొదలుపెట్టక్కర్లేదు. సిలికాన్–హైడ్రోజన్ కొస ఉన్న గొలుసు ఒకటి చేసి పెట్టుకుంటే, దాన్ని మనకి కావాల్సినదానిగా మార్చుకోవచ్చు. మన భాషలో బేస్ క్లాస్ అనుకోండి.

చివర్లో కార్బన్–కార్బన్ డబుల్ బాండ్ ఉన్న ఏదైనా అణువు తీసుకుని, రవ్వంత ప్లాటినం కేటలిస్ట్ వేస్తే, సిలికాన్ ఆ డబుల్ బాండ్ చివరి కార్బన్‌కి, హైడ్రోజన్ పక్క కార్బన్‌కి చేరతాయి. దీన్ని హైడ్రోసిలైలేషన్ అంటారు. అల్లైల్ గ్లైసిడైల్ ఈథర్ వేస్తే ఎపాక్సీ కొస. అల్లైల్ మెథాక్రిలేట్ వేస్తే మెథాక్రిలేట్ కొస. ఏదీ బయటికి పోదు, వాసన రాదు, కుంచించుకుపోదు. ప్లాటినం మిలియన్‌లో కొన్ని భాగాలుంటే చాలు. జాన్ స్పియర్ 1950లలో, బ్రూస్ కార్‌స్టెడ్ 1970లలో తెచ్చిన కేటలిస్టుల పేర్లు ఇప్పటికీ ల్యాబుల్లో వాళ్ళ పేర్లతోనే పిలుస్తారు.

ఈ ప్లాటినం మహా సున్నితం. గంధకం, అమీన్ లాంటివి తగిలితే చచ్చుబడిపోతుంది. పళ్ళ డాక్టర్లు అచ్చు తీసుకునే రెండు ముద్దల సిలికోన్ గట్టిపడేది ఇదే రియాక్షన్‌తో. లేటెక్స్ గ్లౌజులు వేసుకుని ఆ ముద్ద పిసికితే, గ్లౌజుల్లోని గంధకం తగిలి అచ్చు సరిగ్గా గట్టిపడదు. డెంటల్ కాలేజీలో ఫ్రెండ్స్ ఉంటే అడగండి.

మూశారని చూసిందెవరు?

ఇంతవరకు చదివాక ఒక సాయంత్రం తాతయ్య పక్కన కూర్చుని చెప్పాను. జెండాల కథే చెప్పాను. "నీ కంట్లో గొలుసులకి రెండు కొసలూ మూసేశారు తాతయ్యా. పక్కదాన్ని పట్టుకోడానికి వాటికి చెయ్యే లేదు. అందుకే బిగుసుకోదు."

తాతయ్య కాసేపు ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు: "మూశారని చూసిందెవరు?"

నేను అడగాల్సిన ప్రశ్న అది. పద్ధతులన్నీ చదివాను గానీ, చేసినది నిజంగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుందన్న ఆలోచనే రాలేదు. కోడ్ రాసి టెస్ట్ చెయ్యకుండా సబ్మిట్ చేసినట్టు.

చూసే పద్ధతులున్నాయి. ఇన్‌ఫ్రారెడ్ కాంతి పంపితే ఒక్కో బాండ్ ఒక్కో చోట కాంతిని మింగుతుంది. సిలికాన్–హైడ్రోజన్ బాండ్ సుమారు 2,100 నుంచి 2,200 మధ్య స్పష్టమైన గీత ఇస్తుంది. హైడ్రోసిలైలేషన్ అయ్యాక ఆ గీత మాయమైతే కొసలన్నీ మారాయని అర్థం. ఎన్ఎంఆర్ యంత్రం ఇంకా నయం, లెక్కపెట్టి చెబుతుంది. మిథైల్ హైడ్రోజన్‌లు సున్నాకి దగ్గర్లో, సిలికాన్ మీది హైడ్రోజన్ 4.7 దగ్గర కనిపిస్తాయి. రెండు గుట్టల వైశాల్యాల నిష్పత్తి దాదాపు 400కి 1 వచ్చిందనుకోండి. గొలుసుకి అలాంటి కొసలు రెండు కాబట్టి మిథైల్ హైడ్రోజన్‌లు సుమారు 800. ఒక్కో యూనిట్‌లో ఆరు కాబట్టి సుమారు 133 యూనిట్లు. 74తో గుణిస్తే 10,000కి దగ్గర. పైన ఎండ్ బ్లాకర్‌తో వేసిన లెక్క ఇక్కడ కొసల్లోంచి తిరిగొచ్చింది.

కంటికి వాడే నూనె విషయంలో ఇంకో మెట్టు ఎక్కువ. రెండో దారిలో మిగిలిపోయే చిన్న వలయాలు గుర్తున్నాయా? జిగురులో అవి కొంచెం మిగిలినా కిటికీకి నొప్పి లేదు. కంట్లో అయితే ఆ చిన్న అణువులు పక్క కణజాలంలోకి పాకుతాయి. నూనె సన్నటి బొట్లుగా చిట్లిపోవడానికి కూడా దోహదపడతాయి. ఆ బొట్లు కంట్లో ప్రెషర్ పెంచవచ్చు. అందుకే కంటి నూనెని ఆ వలయాలు లేకుండా ప్రత్యేకంగా శుద్ధి చేస్తారు. చిక్కదనం కూడా కొలిచి అమ్ముతారు. ఎక్కువగా వాడేవి 1,000, 5,000 సెంటీస్టోక్స్ రకాలు. నీటి చిక్కదనం 1 అనుకుంటే ఇవి ఎంతో ఊహించండి. ఇంత చేసినా ఆ నూనెని చాలామందికి కొన్ని నెలల్లో తీసేస్తారు. గట్టిపడుతుందన్న భయంతో కాదు, చిట్లుతుందన్న జాగ్రత్తతో.

ఇదంతా తాతయ్యకి చెబితే, "అయితే బిగుసుకోడం కాదు, విరిగిపోడం చూసుకోవాలన్నమాట" అన్నాడు. నాకు పది పేజీలు పట్టింది ఆయనకి ఒక్క వాక్యంలో వచ్చింది. నూనె తియ్యడానికి ఇచ్చిన తేదీని క్యాలెండర్ మీద తనే పెద్దగా గుండ్రం చుట్టించుకున్నాడు. అంతకుముందు "ఇప్పుడు బానే ఉందిగా, మళ్ళీ విజయవాడ ఎందుకు" అంటున్నవాడు.

దసరాకి ముందు నూనె తీశారు. చూపు పూర్తిగా రాలేదు. పేపరు ఇప్పటికీ ఎడమ కంటితోనే చదువుతాడు. కుడి కంటికి గోడ గడియారం ముళ్ళు కనిపిస్తున్నాయి, గుమ్మంలోకి ఎవరొచ్చారో తెలుస్తోంది.

గుర్తుపెట్టుకోవాల్సినవి

హైడ్రాక్సిల్ కొసలు, చౌకగా కావాలంటే నీళ్ళ దారి. రెండు పక్కలా చురుకైన కొసలు కావాలంటే డీ-4, ఎండ్ బ్లాకర్, కొసకి తగ్గ కేటలిస్ట్. ఒక్క పక్కే కావాలంటే, పొడవు కూడా సమానంగా ఉండాలంటే డీ-3, బ్యూటైల్ లిథియం, పొడి వాతావరణం. కొసని మార్చుకోవాలంటే సిలికాన్–హైడ్రోజన్, ప్లాటినం. ఏ దారిలో చేసినా చివరికి కొసల్ని లెక్కపెట్టాలి.

మీకో చిన్న లెక్క వదిలేస్తున్నాను. రెండు కొసల్లోనూ సిలికాన్–హైడ్రోజన్ ఉండి, అణుభారం 5,000 ఉన్న గొలుసు 200 గ్రాములు కావాలి. ఎండ్ బ్లాకర్ ఎన్ని గ్రాములు వెయ్యాలి? తూకంలో వలయాలుగా మిగిలే వాటా సంగతి ముందు వదిలేసి చెయ్యండి, తర్వాత 12 శాతం మిగులుతుందనుకుని మళ్ళీ చెయ్యండి. మొదటి జవాబు 5 గ్రాములు దాటి, 6 లోపు రావాలి. రెండోది తక్కువ రావాలా, ఎక్కువ రావాలా, మారకుండా ఉండాలా అన్నది లెక్క వెయ్యకముందే ఊహించి చూడండి.